తీసిన చీటీని మార్చకండి

నా బల్ల మీద మూడు అట్టపెట్టెలు ఉంటాయి. ఒక్కోదానిలో నలభై చీటీలు. మొదటి పెట్టెలో మనుషులు చేసే పనులు. రెండోదానిలో జంతువులు, వస్తువులు, చోట్లు. మూడోదానిలో కంటికి కనిపించనివి: అలవాట్లు, భయాలు, బాకీలు, పోగొట్టుకున్నవి. కొత్త పాత్రను గీయాలనుకున్న రోజు కళ్ళు మూసుకుని ఒక్కో పెట్టెలోంచి ఒక్కో చీటీ తీస్తాను. ఆ మూడు మాటలూ ఒకే మనిషిలో ఇమడాలి. ఇమిడేదాకా పెన్సిలు వదలను. ఇమిడాక రంగుల దగ్గరికి వెళతాను. నలభైని నలభైతో, మళ్ళీ నలభైతో హెచ్చిస్తే 64,000 కలయికలు. రోజుకొకటి వేసినా 175 ఏళ్ళకు గాని అయిపోవు.

ఆ అంకె చూసి మురిసిపోయిన రోజులున్నాయి. ఇప్పుడు దాని మీద నాకు నమ్మకం లేదు. 64,000 కలయికలు చేతికిచ్చినా, మనిషి తనకు అలవాటైన ఒక్క బొమ్మనే దుస్తులు మార్చి అన్నిసార్లూ వేయగలడు. చీటీలకు సొంతంగా ఏ మహిమా లేదు. ఉన్న బలమంతా వాటిని మార్చకుండా ఉండడంలో ఉంది. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

మొదట్లో నా పుస్తకాల నిండా ఒకే అమ్మాయి ఉండేది. ముఖం కొంచెం ఎడమకు తిరిగి, పొడుగాటి మెడ, గాలికి ఎగిరే జుట్టు, చేతులు వెనక్కి. చేతులు వెనక్కి ఎందుకంటే నాకు వేళ్ళు గీయడం రాదు. ఆ అమ్మాయికి రెక్కలు పెడితే దేవకన్య, కత్తి ఇస్తే యోధురాలు, కళ్ళద్దాలు పెడితే శాస్త్రవేత్త. ఆరు పుస్తకాలు అలా నిండాయి. ఒకసారి ఇంటికి వచ్చిన స్నేహితురాలు వాటన్నిటినీ ఓపికగా తిరగేసి, “వీళ్ళంతా అక్కచెల్లెళ్ళా?” అని అడిగింది. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆ రాత్రి పుస్తకాలు మళ్ళీ తెరిచి ఒక్కో పేజీ చూసుకున్నాను. అన్ని పేజీల్లోనూ నా చేతి అలవాటు ఉంది. మనిషి ఎక్కడా లేదు.

స్వేచ్ఛ ఇస్తే ఊహ ఎగురుతుందని అందరం అనుకుంటాం. 1994లో థామస్ వార్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులను మరో గ్రహం మీద ఉండే జంతువును ఊహించి గీయమన్నాడు. ఎలా కావాలంటే అలా గీయవచ్చు, అడ్డు చెప్పేవారు లేరు. అయినా వాళ్ళు గీసిన వాటిలో ఎక్కువ భాగానికి కుడి ఎడమలు ఒకేలా ఉన్నాయి, కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి. భూమి మీది జంతువులే వేషం మార్చుకుని అక్కడికి చేరాయి. ఇందులో ఆ విద్యార్థులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. నీళ్ళు పల్లమెరిగి పారినట్టు ఊహ కూడా నడిచిన దారిలోనే నడుస్తుంది. ఖాళీ కాగితం ముందు కూర్చుని “ఏదైనా గీయి” అని మనకు మనం చెప్పుకున్నప్పుడు ఆ “ఏదైనా” అన్నది మన చేతికి కంఠస్థమైన బొమ్మే అవుతుంది.

చిత్రకారులు ఈ సంగతిని ఏనాడో పసిగట్టారు. మరకలు పడిన గోడలను, రకరకాల రాళ్ళు కలిసిన గోడలను తదేకంగా చూడమని లియొనార్డో డావిన్చి తన రాతల్లో సలహా ఇచ్చాడు. చూడగా చూడగా వాటిలో కొండలు, నదులు, యుద్ధాలు, వింత ముఖాలు కనిపిస్తాయని చెప్పాడు. 1785 ప్రాంతంలో అలెగ్జాండర్ కోజెన్స్ అనే బ్రిటిష్ చిత్రకారుడు కాగితం మీద గబగబా సిరా మచ్చలు వేసి, వాటిలోంచి ప్రకృతి దృశ్యాలను బయటికి తీసే పద్ధతిని అచ్చువేయించాడు. 1925 ప్రాంతంలో పారిస్‌లోని సర్రియలిస్టులు, అంటే కలల్లాంటి వింత బొమ్మలు, రాతలు చేసిన కళాకారులు, కాగితం మడిచి ఒకరు తల, ఒకరు మొండెం, ఒకరు కాళ్ళు గీసేవారు. పక్కవాడు ఏం గీశాడో మడత విప్పేదాకా ఎవరికీ తెలియదు. మనిషి తన చేతికి తానే అడ్డం పడడానికి కనిపెట్టిన ఉపాయాలు ఇవన్నీ.

లియొనార్డో అక్కడితో ఆగలేదు. రంగులో ముంచిన స్పంజిని గోడకేసి కొడితే పడిన మరకలోనే దృశ్యం కనిపిస్తుందని అతని తోటి చిత్రకారుడు బొత్తిచెల్లి తేలిగ్గా మాట్లాడాడట. కనిపించే మాట నిజమేనని లియొనార్డో ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, మరకలు కొత్త ఊహలనైతే ఇస్తాయి గాని, ఏ ఒక్క వివరాన్నీ పూర్తి చేయడం మాత్రం నేర్పవని అన్నాడు. చీటీల గురించి నాకు తెలిసినదంతా ఆ మాటలో ఉంది. మాట ఇవ్వడం దాకానే చీటీ వంతు. దాన్ని మనిషిగా మలిచే పని పూర్తిగా గీసేవారిదే.

ఆ పని ఎలా సాగుతుందో ఒక పాత్ర సాయంతో చెబుతాను.

ఒక రోజు నాకు వచ్చిన చీటీలు ఇవి: పియానో శ్రుతి చేసే మనిషి, ఖడ్గమృగం, పోయిన చేతితొడుగు. చూడగానే ఒక బొమ్మ తట్టింది. కోటు వేసుకున్న ఖడ్గమృగం, ఒక చేతికి తొడుగు, ఇంకో చేతిలో పనిముట్టు. పది నిమిషాల్లో గీసేశాను. ముద్దుగానే ఉంది. కాని అందులో మూడు మాటలూ మూడు మేకులకు తగిలించిన చొక్కాల్లా వేలాడుతున్నాయి. ఖడ్గమృగం తీసేసి ఏనుగును పెట్టినా బొమ్మకు వచ్చిన లోటు ఉండదు. నేను పెట్టుకున్న పరీక్ష అదే: ఒక మాటను తీసి మరో మాట పెట్టినా బొమ్మ నిలబడితే, ఆ మాట ఇంకా బొమ్మలోకి రానట్టే.

కాబట్టి బొమ్మ పక్కన పెట్టి, మాటల గురించి చదవడం మొదలుపెట్టాను. ఖడ్గమృగానికి చూపు మందం. వినికిడి, వాసన మాత్రం చాలా చురుకు. రెండు చెవులనూ వేటికవే వేరు వేరు దిక్కులకు తిప్పగలదు. పియానోకు 88 మీటలు, సుమారు 230 తీగలు ఉంటాయి. చాలా స్వరాలకు మూడేసి తీగలు. శ్రుతి చేసేవారు ఆ మూడింటిలో రెండింటిని ఫెల్టు (అదిమి గట్టిపరిచిన ఉన్ని) పట్టీతో నొక్కి నోరు మూయించి, మిగిలిన ఒక్క తీగను సరిచేస్తారు. ఆ తర్వాత పక్క తీగను వదిలి, రెండూ కలిసి మోగినప్పుడు వినిపించే అలజడి నెమ్మదించి మాయమయ్యేదాకా బిగిస్తారు. పనంతా చెవిదే. కంటితో పెద్దగా పని లేదు.

ఇక్కడికి వచ్చేసరికి జంతువు తల అక్కర్లేకుండా పోయింది. చూపు మందగించిన ఒక పెద్దావిడ కనిపించింది. భారీ మనిషి. భుజాలు ముందుకు వాలి, మెడ కనపడనంత దట్టంగా ఉంటాయి. తల వంచి ఒక చెవిని వాద్యం వైపు పెట్టి నిలబడుతుంది. దూరం నుంచి చూస్తే మీదికి దూకబోతున్న జంతువులా ఉంటుంది, దగ్గరికి వెళితే ఊపిరి బిగబట్టి వింటున్న మనిషి. ఖడ్గమృగం ఆవిడ ఒంటి బరువులోకి, నిలబడిన తీరులోకి వెళ్ళిపోయింది.

చేతితొడుగు మాత్రం లొంగలేదు. రెండు రోజులు ఊరికే ఉన్నాను. మూడో రోజు చేతుల గురించి ఆలోచించాను. కుడిచేత్తో తీగలను బిగించే పనిముట్టును, అంటే శ్రుతి కీలును, తిప్పాలి. ఎడమచేత్తో మీటలు నొక్కుతూ ఉండాలి. కీలు పట్టుకున్న చేతికి తొడుగు ఉంటే పట్టు దొరుకుతుంది. మీట నొక్కే చేతికి తొడుగు ఉంటే స్పర్శ పోతుంది. అంటే ఎడమచేతి తొడుగు ఎప్పుడో పోయింది, పోయాక అది అక్కర్లేదని ఆవిడకు తెలిసింది. కాని చూసినవాళ్ళు జాలిపడతారు కదా! పాపం, ఒక చేతికే తొడుగుందని ప్రతి ఏటా ఎవరో ఒకరు కొత్త జత కొనిస్తారు. కుడిది అరిగిపోతుంది. ఎడమది కొత్తగానే మిగిలిపోతుంది. అలా మిగిలిపోయిన ఎడమచేతి తొడుగులతో ఆవిడ ఏం చేస్తుంది?

కత్తిరించి, తీగల నోరు మూసే పట్టీలుగా వాడుకుంటుంది.

ఆ జవాబు తట్టిన క్షణం నాకిప్పటికీ గుర్తుంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మూడు మాటలూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆవిడ నడుముకు రంగురంగుల ఉన్ని పట్టీలు వేలాడుతుంటాయి. వాటిలో కొన్నింటికి ఇంకా వేళ్ళ ఆకారం మిగిలే ఉంటుంది. ఒక పట్టీ చివర చిటికెన వేలు. ఎవరెవరి దయనో కత్తిరించి పనిలో పెట్టుకున్న మనిషి. ఆ పట్టీలను చూస్తే ఆవిడ కృతజ్ఞత, మొండితనం రెండూ తెలుస్తాయి. ఈమెను నేను ఖాళీ కాగితం ముందు వెయ్యేళ్ళు కూర్చున్నా ఊహించేదాన్ని కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఈమెకు చేతులున్నాయి. వెనక్కి దాచడానికి వీల్లేని చేతులు. వేళ్ళు గీయడం నాకు ఆ వారమే వచ్చింది.

రెండో రోజున నేను చేతితొడుగు చీటీని పెట్టెలో పడేసి ఇంకోటి తీసి ఉంటే ఏమయ్యేది? ఏ “పాత ఉత్తరమో” వచ్చేది. చక్కగా జేబులోంచి తొంగిచూస్తూ ఇమిడిపోయేది. బొమ్మ అప్పుడే పూర్తయ్యేది, ఆవిడ మాత్రం పుట్టేది కాదు. చీటీ మార్చాలనిపించే ఆ క్షణం గురించి జాగ్రత్తగా ఆలోచించాలి. అప్పుడు మనకు నిజంగా జరిగేది ఒక్కటే: అలవాటైన దారి మూసుకుపోయింది, కొత్త దారి ఇంకా కనిపించలేదు. మనం చీటీలు పెట్టుకున్నదే ఆ ఇరుకు కోసం. తీరా అది వచ్చాక తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతే ఇక ఆడడం ఎందుకు? నచ్చిన మాట వచ్చేదాకా చీటీలు తీస్తూ పోయినవారు చివరికి తమకు నచ్చిన మాటే ఎంచుకున్నవారు అవుతారు. పెట్టెకు పని లేదు.

పాచికలతో పాత్రలను పుట్టించే ఆటలో కూడా ఇదే జరిగింది. 1974లో మొదటిసారి వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆరు గుణాల కోసం మూడేసి పాచికలు వరుసగా వేసేవారు. పడిన అంకె పడినట్టే ఉండాలి. బలం తక్కువ పడితే ఆ బలహీనుడితోనే ఆడాలి. 1979 నాటి నియమాల్లో నాలుగు పాచికలు వేసి తక్కువ పడినదాన్ని వదిలేసి, వచ్చిన అంకెలను ఇష్టమొచ్చిన గుణానికి సర్దుకునే వీలు వచ్చింది. ఆడేవారికి అది సుఖం, కాదనను. కాని బలవంతుడు కావాలనుకున్నవాడికి బలవంతుడే వచ్చే ఆటలో పాచికలు చెప్పే కొత్త సంగతి సగానికి సగం తగ్గిపోతుంది. బలం 5 పడిన యోధుడు ఎలా బతికాడన్న ప్రశ్న నాకు బలం 17 పడిన యోధుడి కంటే ఎంతో ఎక్కువ పని ఇస్తుంది.

నా దగ్గర బొమ్మలు నేర్చుకునే ఒక అమ్మాయికి ఒకసారి కాపలాదారు, గాజు, ఆవలింత అన్న చీటీలు వచ్చాయి.

“అక్కా, ఆవలింత చీటీ ఒక్కటీ మార్చుకుంటాను. అదేం మాట? ఒక్క క్షణం ఉండి పోయేది.”

“వద్దు. దానితోనే వెయ్యి.”

“నోరు తెరిచిన కాపలాదారుడు. అంతే కదా అక్కా, ఇంకేముంది?”

“అదే వేసి చూపించు. తర్వాత మాట్లాడుకుందాం.”

వేసింది. గాజు తలుపు, ఇవతల కుర్చీలో నోరు తెరిచిన మనిషి. ఇద్దరమూ చూశాం, ఇద్దరికీ నచ్చలేదు. నేనేమీ చెప్పలేదు. తనే కాసేపటికి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి గాజు మీద నోరు తెరిచి ఊపిరి వదిలింది. గాజు మీద ఆవిరి పట్టింది. దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయింది. రెండో బొమ్మలో కాపలాదారుడు తలుపుకు అవతల ఉన్నాడు. రాత్రంతా ఆవలించి ఆవలించి ముఖం ముందున్న గాజంతా మసకబారింది. ముఖం కనిపించదు. ఆ మసకలో వేలితో తుడిచిన చిన్న గుండ్రని చోటు, అందులోంచి ఒకే ఒక్క కన్ను. ఆ కన్ను మాత్రం నిద్రపోదు. నేను ఇన్నేళ్ళలో చూసిన పాత్రల్లో అంత తక్కువ గీతలతో అంత గట్టిగా నిలబడినది ఇంకొకటి లేదు. “ఒక్క క్షణం ఉండి పోయేది” అని తను విసుక్కున్న ఆ మాటే గాజు మీద మరకగా మిగిలింది.

పెట్టెలోంచి తీసిన పాత్ర సొంతమెలా అవుతుందని కొందరు అడుగుతారు. మనసులోంచి పుట్టినది మాత్రమే సొంతమని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కాని మనసులోంచి పుట్టిందనుకున్న నా ఆరు పుస్తకాల అమ్మాయి ఎవరెవరి బొమ్మలు చూసి నా చేతికి అంటుకున్న అలవాటో నాకు తెలుసు. అవధానంలో పృచ్ఛకుడు నాలుగు మాటలిచ్చి పద్యం చెప్పమంటాడు. దత్తపది అంటాం. మాటలు ఇచ్చినంత మాత్రాన ఆ పద్యం పృచ్ఛకుడిదని ఎవరూ అనరు. ఆ నాలుగు మాటలూ పద్యంలో పొసిగిన తీరులోనే కవి ఎవరో తెలుస్తుంది. పియానో, ఖడ్గమృగం, చేతితొడుగు చీటీలను నేను మరో ముగ్గురికి ఇచ్చి చూశాను. ఒకరు పియానోలో కాపురం పెట్టిన చిన్న జంతువును గీశారు. ఒకరు కోపిష్ఠి కుర్రవాణ్ణి గీశారు. ఒకరి బొమ్మలో అసలు మనిషే లేడు, నేల మీద తొడుగు, దాని మీద పెద్ద పాదముద్ర. మాటలు అవే. కాని “ఎందుకు” అన్న ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్ళది. సొంతం అన్నది అక్కడ ఉంటుంది.

ఇటలీలో పిల్లల కోసం రాసిన జాన్ని రోదారి 1973లో ఈ సంగతిని మాటల వైపు నుంచి వివరించాడు. ఒకదానికొకటి దూరంగా ఉండే రెండు మాటలను పక్కపక్కన పెడితే కథ పుడుతుందని అతని వాదన. అతనిచ్చిన జంట కుక్క, అలమారా. కుక్క మీద అలమారా, కుక్కకు అలమారా, అలమారాలో కుక్క. ఒక్కోదాంట్లో ఒక్కో కథ. తెలుగువాళ్ళకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే కథంతా విభక్తిలో ఉంది. నేను చీటీలు తీశాక ఇప్పటికీ మొదట చేసే పని అదే: మూడు మాటలనూ విభక్తులు మార్చి పది రకాలుగా రాసుకుంటాను. తొడుగుతో, తొడుగు కోసం, తొడుగు వల్ల, తొడుగు లేక. “తొడుగులోంచి” అని రాసుకున్నప్పుడే కత్తెర గుర్తొచ్చింది.

ఈ పద్ధతిని విమర్శించేవాళ్ళ మాటల్లో ఒకదాన్ని మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఇలా పుట్టిన పాత్రల్లో ఎక్కువ భాగం ఉత్త వేషాలే. ఫోనులో దొరికే ప్రాంప్ట్ జనరేటర్లను, అంటే ఏం గీయాలో మాటలు అందించే యాప్‌లను చూడండి. నీలి జుట్టు, రెక్కలు, ఇత్తడి యంత్రాల చేయి అని ఇస్తాయి. మూడూ పైపై అలంకారాలు. ఒకదానితో ఒకటి గొడవపడవు. గొడవ లేనప్పుడు “ఎందుకు” అని అడగాల్సిన అవసరమే రాదు. అందుకే నా మూడో పెట్టెలో కంటికి కనిపించే మాట ఒక్కటీ ఉండదు. కనిపించనిదాన్ని కనిపించేలా చేయాల్సి వచ్చినప్పుడే గీసేవారి బుర్రకు పని పడుతుంది. “రహస్యమైన”, “అందమైన”, “భయంకరమైన” వంటి మాటలను కూడా పెట్టెలోకి రానివ్వను. అవి తీర్పులు. తీర్పు ముందే వచ్చేస్తే విచారణకు చోటుండదు. చీటీలు రాసేది బొమ్మ వేసే ఉద్దేశం లేని రోజునే. రాసి, మరిచిపోయేంత కాలం వదిలేస్తాను. రెండు చీటీలు తీస్తే సగం అది, సగం ఇది అయిన జంతువొకటి తేలిగ్గా తయారవుతుంది. ఐదు తీస్తే లెక్క చేసినట్టుంటుంది గాని మనిషిని కలిసినట్టుండదు. మూడు నాకు కుదిరాయి.

రంగుల విషయంలో మాత్రం చీటీలను నేను ఒప్పుకోను. రంగులకూ చీటీలు తీసేవారున్నారు, కొన్నాళ్ళు నేనూ తీశాను. ఆకారం దగ్గర అడ్డంకి మేలు చేస్తుంది. రంగు దగ్గరికి వచ్చేసరికి మనిషి ఎవరో మనకు తెలిసి ఉంటుంది, తెలిశాక ఆ మనిషిని అడగాలి గాని పెట్టెను అడగకూడదు.

పెద్దావిడ బొమ్మకు ముందు అగ్గిపెట్టెంత స్కెచ్‌లు తొమ్మిది వేశాను, నలుపు, బూడిద, తెలుపు మూడే ఛాయల్లో. ఆకారాన్ని పూర్తిగా నల్లగా నింపి దూరంగా నిలబెట్టి చూశాను. వంచిన తల, వాలిన భుజాలు, కీలు బిగిస్తున్న మోచేయి వేరు వేరుగా తెలియాలి. మొదటి నాలుగింటిలో మోచేయి ఒంట్లో కలిసిపోయి మనిషి బస్తాలా కనిపించింది. ఐదోదానిలో మోచేతిని పక్కకు తెచ్చి, దానికీ నడుముకూ మధ్య ఖాళీ వదిలాను. ఆ ఖాళీలోనే పట్టీలు వేలాడాలని అప్పుడు తెలిసింది.

గువాష్‌తో, అంటే నీళ్ళతో కలిపి వాడే దట్టమైన రంగుతో వేశాను. గువాష్ ఓపికను పరీక్షిస్తుంది: తడిగా ఉన్నప్పుడు కనిపించిన రంగు ఆరాక ఉండదు, ముదురు రంగులు కాస్త తేలిపోతాయి, లేత రంగులు కాస్త ముదురుతాయి. కోటుకు నలుపు, తెలుపు కలిపి బూడిద రంగు వేశాను. ఆరాక చూస్తే చచ్చిన రంగు. సిమెంటు గోడలా ఉంది. అక్కడ ఆగి, ఆవిడను దగ్గరగా చూశాను. ఆవిడ కోటు కొత్తది కాదు, ఎన్నో గదుల దుమ్ము, వెచ్చదనం పట్టి ఉంటాయి. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే గోధుమ రంగు కలిపాను. ఆ రెండూ కలిస్తే వచ్చే బూడిద రంగుకు ప్రాణం ఉంటుంది, నీలం ఎక్కువైతే చల్లబడుతుంది, గోధుమ ఎక్కువైతే వెచ్చబడుతుంది. వాద్యం వైపున్న భుజాన్ని వెచ్చగా, వీపును చల్లగా వేశాను. ఒక్కసారిగా కోటులోపల ఒళ్ళు వచ్చింది. పట్టీలకు తప్ప ఇంకెక్కడా మెరిసే రంగు వాడలేదు. వాటిలోనూ చిటికెన వేలు మిగిలిన ఆ ఒక్క పట్టీకే ఎరుపు. చూసేవారి కన్ను ముందు చెవి మీదికి వెళ్ళి, అక్కడి నుంచి చేతికి, చేతి నుంచి ఎరుపుకు దిగుతుంది. ఏ చీటీలోనూ “ఎరుపు” అని లేదు.

ఇప్పుడు ప్రాంప్ట్ అన్న మాట వినగానే చాలామందికి యంత్రాలు గుర్తొస్తున్నాయి. మూడు మాటలు రాస్తే క్షణాల్లో బొమ్మ చేసి పెడతాయి. నేను చెప్పే ప్రాంప్ట్ దీనికి తలకిందులు. అక్కడ మాట ఇచ్చేది మనం, శ్రమ పడేది యంత్రం. ఇక్కడ మాట ఇచ్చేది పెట్టె, శ్రమ మనది. రెండు రోజులు ఏమీ తోచక కూర్చున్న ఆ సమయంలోనే పెద్దావిడ తయారైంది. ఆ రెండు రోజులను ఎవరైనా నాకు ఆదా చేసి ఉంటే ఆవిడను నా నుంచి తీసుకుపోయినట్టే అయ్యేది.

ఇంత గట్టిగా చెబుతున్నాను గాని, లొంగని చీటీలు నా గోడ మీదా ఉన్నాయి. గొడుగులు బాగుచేసే మనిషి, ఎడారి, దూరమైన కవల సోదరుడు. ఇవి వచ్చి ఐదు నెలలు దాటింది. ఎడారిలో గొడుగంటే ఎండకు నీడ అన్నది మొదటి జవాబు. అది అందరికీ వచ్చే జవాబు కాబట్టి పక్కన పెట్టాను. పదకొండు స్కెచ్‌లు వేశాను. కొన్నింటిలో గొడుగు బాగుంది, కొన్నింటిలో మనిషి బాగున్నాడు, సోదరుడు మాత్రం ఎక్కడా రాలేదు. రెండో మనిషిని పక్కన నిలబెడితే “దూరమైన” అన్న మాట పోతుంది. నిలబెట్టకపోతే కవల అన్న సంగతి తెలియదు. మధ్యలో చాలాసార్లు చేయి పెట్టెవైపు వెళ్ళింది.

పోయిన వారం పదకొండో స్కెచ్‌ను నల్లగా నింపుతుంటే చేయి జారి రంగు గొడుగు కింద ఇసుక మీదికి పాకింది. మరక పడింది. తుడవబోయి ఆగాను. గొడుగు పట్టుకుని నిలబడినవాడు ఒక్కడే. ఇసుక మీద పడిన నీడలో మాత్రం ఇద్దరి తలలున్నాయి. అతను పెద్ద గొడుగు పట్టుకుని, దాని కింద ఎప్పుడూ ఒక పక్కకు జరిగి నిలబడతాడు, రెండో మనిషికి చోటు వదిలి. గొడుగులో అతను అన్నిటికంటే ఎక్కువసార్లు బాగుచేసిన కమ్మీ కూడా ఆ ఖాళీ పక్కనే ఉంటుంది.

ఒక చిక్కు మిగిలింది. నేను వెలుతురును మధ్యాహ్నపు ఎండగా వేశాను. ఆ ఎండలో నీడ కాళ్ళ కిందికి ముడుచుకుపోతుంది, రెండు తలలు విడిగా తెలియవు. సూర్యుణ్ణి బాగా కిందికి దించాలి. దించితే గొడుగును పక్కకు వంచాలి, వంచితే ముఖం మీద పడే వెలుతురంతా మారుతుంది. అంటే పన్నెండో స్కెచ్ మొదటి నుంచి వేయాలి. కాగితం బిగించి పెట్టాను.